అరకు ఘాట్‌లో కొండలు కాలుతున్నాయి: పెద్దవాళ్ళతో, పిల్లలతో ప్రయాణం పెట్టుకోవచ్చా?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)
మార్చి 20, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఈ నెల 28వ తేదీ శనివారం మా కుటుంబం ఆరుగురం కారులో శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్ళాలని రెండు నెలల కిందటే అనుకున్నాం. మా నాన్నగారికి 71 ఏళ్ళు, చాలా కాలంగా ఉబ్బసం ఉంది. గాలికొండ దగ్గర నిలబడి లోయను తీరిగ్గా చూడాలన్నది ఆయన కోరిక. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ దారిన ఎన్నోసార్లు రాత్రి బస్సులో వెళ్ళారు గాని, పగటిపూట ఒక్కసారి కూడా ఆగి చూడలేదట.

మొన్న రాత్రి అటునుంచి వస్తూ మా తమ్ముడు ఒక వీడియో తీసి పంపాడు. డముకు దగ్గర ఎదుటి కొండ మీద, ఎవరో ఎర్రదారం చుట్టినట్టు, నిప్పు వరుసగా పాకుతోంది. అది చూసిన దగ్గరనుంచి అమ్మ ప్రయాణం మానేద్దామంటోంది. ఉపగ్రహాలు పట్టిన మంటలను చూపే నాసా వారి ఫర్మ్స్ పటం తెరిచి చూస్తే అనంతగిరి, పాడేరు వైపు ఎర్ర చుక్కలు చాలా కనిపించాయి. ఒక్కొక్క చుక్క ఎంత మేరకు మంట అన్నట్టో నాకు అర్థం కాలేదు. మంట రోడ్డు మీదికి వస్తుందా, నాన్నగారి ఊపిరికి ఆ పొగ ఎంత ప్రమాదం, కారు మాని రైలులో వెళితే మేలా అన్నది ఆ దారి బాగా తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

ఘాట్‌బండి (పెందుర్తి)
మార్చి 20, ఉదయం 9:15

అమ్మా, నేను పద్నాలుగేళ్ళుగా ఆ దారిలో టాక్సీ నడుపుతున్నాను. ఫిబ్రవరి చివరినుంచి మే దాకా ఏదో ఒక కొండ కాలకుండా వారం గడవదు. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కిన తరువాత కాశీపట్నం, తైడా, డముకు, అనంతగిరి, గాలికొండ వరకు దారికి ఒక పక్క కొండ, మరో పక్క లోయ ఉంటాయి. తారు రోడ్డు వెడల్పు అడ్డుపడడం వల్ల నేలమీద పాకే మంట సాధారణంగా రోడ్డు అంచుకు వచ్చి ఆగిపోతుంది. నిప్పురవ్వలు ఎగిరి అవతలి గడ్డి అంటుకోవడం కూడా నేను చూశాను, అయితే అది గాలి గట్టిగా ఉన్న మధ్యాహ్నాల్లోనే జరిగింది.

నాకు మంటకంటే రాళ్ళంటే భయం ఎక్కువ. కొండవాలు మీద రాళ్ళను పట్టి ఉంచేది గడ్డి దుబ్బులు, తుప్పల వేళ్ళే కదా. అవి కాలిపోతే రాయికి పట్టు పోతుంది. ఒకసారి తైడా దాటాక మలుపులో కొబ్బరికాయంత రాయి ఒకటి దొర్లుకుంటూ వచ్చి బండి ముందు పడింది. దిగి పక్కకు తోయబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను, ఎందుకంటే కాలిన గడ్డి దానికి అంటుకునే ఉంది, రాయి ఇంకా సలసల కాగుతోంది. మంట ఆరిపోయి రెండు రోజులైనా అలాంటి రాళ్ళు పడుతూనే ఉంటాయి కాబట్టి, పైన నల్లగా కాలిన వాలు కనిపిస్తే దాని కింద ఫోటోల కోసం బండి ఆపవద్దు.

తెల్లవారుజామున నాలుగున్నరకు విశాఖలో బయలుదేరితే ఎండ ముదరకముందే గాలికొండ చేరుకుంటారు. పొగ అడ్డం వస్తే అద్దాలు ఎత్తి, ఏసీని బయటి గాలి తీసుకోకుండా లోపలి గాలి తిరిగేలా పెట్టి, లైట్లు డిమ్‌లో ఉంచి, మలుపు మలుపుకూ హారన్ కొడుతూ రెండో గేరులో వెళ్ళండి. పొగలో ఫుల్ లైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. మరో మాట, ఎండుగడ్డి మీద కారు నిలపవద్దు. ఘాట్ ఎక్కిన బండి సైలెన్సరు వేడికి గడ్డి అంటుకుంటుంది.

బీచ్‌రోడ్డు
మార్చి 20, ఉదయం 11:02

వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం. బూడిద పట్టిన కొండలు చూడడానికి ఉబ్బసం ఉన్న పెద్దాయనను తీసుకువెళ్ళడం ఎందుకండీ? పోడు (తుప్పలు కొట్టి కాల్చి చేసే కొండసాగు) పేరుతో ఏటా గిరిజనులు అడవిని తగలబెడుతూ ఉంటే, ఆ అలవాటు మాన్పించనంత కాలం ప్రతి వేసవిలోనూ ఇదే పరిస్థితి ఉంటుంది. నవంబరులో వెళ్ళండి, మంచు ఉంటుంది, వలిసె పూలు ఉంటాయి.

పచ్చకొమ్మ (విశ్రాంత అటవీ ఉద్యోగి, నర్సీపట్నం)
మార్చి 20, రాత్రి 8:30

సాగరతీరం గారూ, ముందుగా మీరు అడిగిన చుక్కల సంగతి చెబుతాను. ఆ పటంలో కనిపించే చుక్కల్లో ఎక్కువ భాగం ఉపగ్రహాల మీద ఉన్న వీఐఐఆర్ఎస్ అనే పరికరం పట్టినవి. అది నేలను సుమారు 375 మీటర్ల గళ్ళుగా చూస్తుంది. ఆ గడిలో ఎక్కడో ఒక మూల వేడి తగిలినా గడి మొత్తానికి ఒక చుక్క పడుతుంది కాబట్టి, చుక్క ఉన్నంత మేరా అడవి కాలుతోందని అనుకోకూడదు. ఆ ఉపగ్రహాలు మన మీదుగా వెళ్ళేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతాల్లో. సాయంత్రం నాలుగింటికి అంటుకుని పదింటికి ఆరిపోయిన మంట వాటి కంటపడకపోవచ్చు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఇలాంటి సమాచారాన్నే అటవీ సిబ్బంది ఫోన్లకు సందేశాలుగా పంపుతుంది. నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో అర్ధరాత్రి సందేశం రావడం, తెల్లవారేసరికి ఆ గుట్ట వెతుక్కుంటూ బయలుదేరడం మాకు నిత్యకృత్యం.

మన తూర్పు కనుమల్లో మంట చాలావరకు నేలబారు మంటే. మద్ది, టేకు, వెదురు వంటివి ఆకు రాల్చిన తరువాత చీలమండ లోతున ఎండుటాకులు పేరుకుంటాయి. కాలేది ఆ ఆకులు, గడ్డి, ఎండిన లంటానా పొదలు. మంట మోకాలి ఎత్తున నడుస్తుంది, పెద్ద చెట్లు పైపైన కమిలి బతుకుతాయి గాని, వాటి కింద మొలిచిన పిల్ల మొక్కలన్నీ పోతాయి. అందుకే పైకి పచ్చగా కనిపించే అడవిలోనూ నాలుగేళ్ళ వయసు చెట్లు ఎక్కడా ఉండవు. అది గమనించినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

కొండమీద నిప్పు పైకి వేగంగా, కిందికి నెమ్మదిగా నడుస్తుంది. మంట వేడి పైనున్న గడ్డిని ముందే ఎండగొట్టి అంటుకోవడానికి సిద్ధం చేస్తుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని మాకు శిక్షణలో చెప్పేవారు. పగలు ఎండకు గాలి లోయనుంచి కొండపైకి వీస్తుంది, రాత్రి చల్లబడ్డాక కొండమీదినుంచి లోయలోకి దిగుతుంది. మంట పగలు విజృంభించి రాత్రి మందగించేది ఇందువల్లనే. అయితే రాత్రి దిగిన పొగ తెల్లవారేసరికి లోయ అడుగున, గెడ్డల (వాగుల) వెంట చేరి పొద్దెక్కేదాకా కదలదు. మీ నాన్నగారికి ఈ సంగతి ముఖ్యం. గాలికొండ ఎత్తులో గాలి తేటగా ఉన్నా, అదే సమయంలో బొర్రా గుహలవైపు గోస్తనీ లోయలోకి దిగితే పొగ కమ్ముకుని ఉండవచ్చు.

ఇక బీచ్‌రోడ్డు గారి మాటకు జవాబు చెప్పకుండా ఉండలేను. పోడులో జనవరి, ఫిబ్రవరిల్లో కొట్టిన తుప్పలను ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిదలో చోళ్ళు, సామలు, కందులు విత్తుతారు. సరిగా చేసేవారు చుట్టూ గట్టు చెక్కి, మనుషులను నిలబెట్టి, గాలి లేని వేళ చూసి నిప్పు పెడతారు. అది చేయి జారి అడవికి పాకిన సందర్భాలు ఉన్నాయి, లేవని నేను అనను. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, తునికాకు కొత్త చిగురు బాగా రావాలని నిప్పు పెట్టడం కూడా కారణాలే. అయితే రోడ్డు అంచున మొదలై పైకి ఎగబాకిన మంటలు ఎన్ని చూశానో నాకు లెక్క లేదు. కాలిన జాడను వెనక్కి నడిచి వెతికితే మొదట కనిపించేది సిగరెట్టు పీకో, మూడు రాళ్ళ పొయ్యో, చికెన్ కాల్చిన ఇనుప చువ్వో. అవి గిరిజనులు పెట్టినవి కావు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం, అది అందరికీ వర్తిస్తుంది.

మిరియపుతీగ (అనంతగిరి మండలం)
మార్చి 21, ఉదయం 6:10

పచ్చకొమ్మ గారికి నమస్కారాలు. మాది ఆ కొండల్లోని ఊరే. మాకు రెండెకరాల కాఫీ ఉంది, సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే మిరియాల తీగలు. మన అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పట్నంలో అందరికీ తెలుసు. ఆ తోట ఎంత తేలిగ్గా కాలిపోతుందో మాత్రం చాలామందికి తెలియదు. సిల్వర్ ఓక్ ఆకు రాలితే పొరలు పొరలుగా పడి కాగితంలా ఎండుతుంది. ఫిబ్రవరిలో మా ఇంటిల్లిపాదీ తోట చుట్టూ మూడు బారల వెడల్పున ఆకు ఊడ్చి, మట్టి కనబడేలా గీత తీస్తాం. వారం తిరిగేసరికి గాలి మళ్ళీ ఆకును తెచ్చి పోస్తుంది, మళ్ళీ ఊడుస్తాం. నిప్పు పెట్టేది మేమేనని అనేవారు మా ఆడవాళ్ళు ఆ చీపురు పట్టుకుని ఎండలో వంగి ఊడవడం ఒక్కసారి వచ్చి చూడాలి.

రెండేళ్ళ కిందట కొందరు కుర్రాళ్ళు మా తోట పైభాగంలో రాత్రి గుడారం వేసుకుని చలిమంట వేసుకున్నారు. పొద్దున్నే వెళ్ళిపోతూ దానిమీద ఒక సీసా నీళ్ళు పోశారు. పైన తడిసింది గాని, కింద మొద్దు లోపల నిప్పు అలాగే ఉంది. మధ్యాహ్నం రెండింటికి గాలి లేచింది. ఊరంతా పచ్చికొమ్మలు విరుచుకుని పరుగెత్తి కొట్టాం, చీకటి పడేదాకా కొట్టాం. మాకు నలభై మొక్కలు పోయాయి. కాఫీ మొక్క నాటిన నాలుగో ఏటికి గాని సరిగా కాపుకు రాదు.

మీరు రావద్దని నేను అనడం లేదు అక్కా. మీలాంటివారు వస్తేనే రోడ్డు పక్కన వెదురు బొంగు చికెన్, కాఫీ పొడి అమ్ముకునే మా వాళ్ళకు నాలుగు డబ్బులు వస్తాయి. నాన్నగారిని తీసుకురండి. పొగ ఎక్కువగా ఉంటే ఏ వైపు ఉందో మీరు వచ్చే ముందురోజు సాయంత్రం ఇక్కడే రాస్తాను.

ఊపిరి (మద్దిలపాలెం)
మార్చి 21, ఉదయం 10:25

నేను ఊపిరితిత్తుల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. అడవి పొగలో ఉండే అతి సన్నని నలుసులు ఊపిరితిత్తుల లోతు దాకా వెళ్ళి ఉబ్బసాన్ని రేపుతాయి. తడిగుడ్డ, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపలేవు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు కొంతవరకు ఆపుతుంది. నాన్నగారిని వెళ్ళేముందు ఆయన డాక్టరుగారికి ఒకసారి చూపించండి. రోజూ వాడే ఇన్‌హేలరు, ఆయాసం వచ్చినప్పుడు వాడేది, రెండూ డిక్కీలో సామాను కింద కాకుండా ఆయన జేబులోనే ఉండాలి. మాట్లాడుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారంటే, లోయ ఎంత అందంగా ఉన్నా వెంటనే వెనుదిరగండి.

ఉక్కునగరం
మార్చి 21, సాయంత్రం 5:50

గత ఏడాది, అంటే 2025 జూలైలో, మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు మేమూ ఇదే సందిగ్ధంలో పడ్డాం కాబట్టి మా అనుభవం రాస్తున్నాను. అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్‌కు రెండు అంచులు. పక్షి ఎగిరినట్టు చూస్తే ఆ అంచునుంచి ఈ అంచుకు 16 కిలోమీటర్లే గాని, రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లు చుట్టి వెళ్ళాలి. మేము ఉత్తరపు అంచున ఉన్న గ్రాండ్ కాన్యన్ లాడ్జిలో రెండు రాత్రులు గడపాలని ముందే గది తీసుకున్నాం.

జూలై 4న అక్కడ పిడుగుపడి నిప్పు పుట్టింది. దానికి డ్రాగన్ బ్రావో అని పేరు పెట్టారు. మొదట్లో చిన్నదిగా ఉందని, చుట్టూ హద్దులు కట్టి అదుపులో ఉంచుతూ కాలనిచ్చారు. ఉత్తరాన జేకబ్ లేక్ దగ్గర వైట్ సేజ్ అనే మరో మంట లేవడంతో అటు వెళ్ళే దారి మూసి జనాన్ని పంపించివేశారు. 12వ తేదీ రాత్రి గాలి హఠాత్తుగా పెరిగి, మేము దిగవలసిన ఆ లాడ్జి కాలి బూడిదయింది. అది 1928లో కట్టి, 1932లో ఒకసారి కాలిపోతే 1937లో తిరిగి నిలబెట్టిన భవనం. నీటిశుద్ధి కేంద్రం దగ్గర క్లోరిన్ వాయువు బయటికి రావడంతో లోయ అడుగుకు దిగిన నడకదారులనూ మూసేశారు. ఆ మంట సెప్టెంబరు దాకా సాగి దాదాపు 1,45,000 ఎకరాలను కాల్చింది.

మేము దక్షిణపు అంచుకు వెళ్ళాం. ఉదయం చూస్తే లోయ ఉన్నచోట లోయ కనబడలేదు, ఆ గట్టునుంచి ఈ గట్టుదాకా బూడిదరంగు పొగ చెరువు నీళ్ళలా నిలిచి ఉంది. పచ్చకొమ్మ గారు చెప్పిన రాత్రిగాలి సంగతి చదివాక గాని అలా ఎందుకు జరిగిందో నాకు బోధపడలేదు. పదింటికి పొగ పైకి లేచింది, ఎర్రరాతి పొరలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. అక్కడివి సూదిమొన ఆకుల చెట్లు, మంట కొమ్మనుంచి కొమ్మకు ఎగబాకుతుంది. మనవి వేరు, ఆ భయాన్ని ఇక్కడికి తెచ్చుకోనక్కరలేదు. నేను నేర్చుకున్నది ఏమిటంటే, నిన్న చిన్నదిగా ఉందన్న మాటను నమ్ముకుని ఇవాళ బయలుదేరకూడదు. బయలుదేరే రోజు ఉదయమే మళ్ళీ కనుక్కోవాలి, గది డబ్బులు పోతాయని వెనకాడకూడదు.

కాలిబాట (సీతమ్మధార)
మార్చి 22, ఉదయం 8:05

ఒక్క మాట చేరుస్తాను. వ్యూపాయింట్ల దగ్గర పిల్లలను గడ్డివాలు మీదికి దిగనివ్వకండి. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో కాలినడకన వెళ్ళినవారిని గడ్డివాలు మీద మంట చుట్టుముట్టి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది జరిగింది కూడా మధ్యాహ్నం తరువాతే. పొగ కిందినుంచి వస్తుంటే పైకి పరుగెత్తడమే మనకు తోస్తుంది, మంట దారి కూడా అదే. అడ్డంగా పక్కకు జరిగి, ముందే కాలి నల్లబడిన నేలమీదికో, రాతి మీదికో, తారు రోడ్డు మీదికో చేరాలి.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)
మార్చి 22, రాత్రి 9:20

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ అమ్మకు చదివి వినిపించాను. రాళ్ళ సంగతి విని మరింత భయపడింది గాని, మిరియపుతీగ తమ్ముడు రాసినది విన్నాక చాలాసేపు మౌనంగా కూర్చుని, వెళదామంది. రైలు గురించి ఎవరైనా చెప్పగలరా?

ఘాట్‌బండి (పెందుర్తి)
మార్చి 22, రాత్రి 10:00

అద్దాల పెట్టెలో సీట్లు దొరికితే రైలు చాలా మంచిదమ్మా. కొత్తవలస, కిరండూల్ మార్గంలో యాభైకి పైగా సొరంగాలు, పక్కనే లోయ ఉంటాయి. అయితే పొగ కమ్మితే మధ్యలో దిగి వెనక్కి రాలేరు. నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా మీ చేతిలో బండి ఉండడమే మేలని నాకు అనిపిస్తోంది.

మిరియపుతీగ (అనంతగిరి మండలం)
మార్చి 27, సాయంత్రం 6:45

అక్కా, ఇవాళ డముకు పైన మంట లేదు. గోస్తనీ లోయవైపు పొగ బాగా ఉంది, రేపు ఉదయం బొర్రాకు దిగకండి. గాలికొండ తేటగా ఉంది.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)
మార్చి 30, ఉదయం 7:15

శనివారం వెళ్ళి నిన్న రాత్రి క్షేమంగా తిరిగి వచ్చాం. నాలుగున్నరకు బయలుదేరి, కాశీపట్నం దాటేసరికి తెల్లవారింది. తైడా దగ్గర రెండు మలుపుల మధ్య పొగ అడ్డం వచ్చింది. కాలిన ఆకుల వాసన అద్దాలు మూసినా లోపలికి వచ్చింది, నాన్నగారు మాస్కు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఐదారు నిమిషాల తరువాత దారి విడిచింది. అక్కడినుంచి పైకి గాలి చల్లగా, తేలిగ్గా ఉంది.

గాలికొండ దగ్గర నాన్నగారు కమ్మీ పట్టుకుని దాదాపు గంటసేపు నిలబడ్డారు. కింద లోయలో పొగ తెల్లగా పరుచుకుని ఉంది, దానిపైన కొండలు వరుసల మీద వరుసలుగా తేలుతున్నట్టు ఉన్నాయి. రాత్రి బస్సులో ఈ మలుపు దగ్గర తన తల కిటికీకి కొట్టుకునేదని, ఇన్నేళ్ళూ ఆ అద్దానికి అవతల ఇది ఉందని తెలియలేదని అన్నారు. బొర్రాకు వెళ్ళలేదు. పిల్లలు అలిగారు, అయినా వెళ్ళలేదు.

తిరుగు ప్రయాణంలో, అనంతగిరి దిగువన, మధ్యాహ్నం మూడు గంటల వేళ, రోడ్డుకు ఎగువన జానెడు మంట కనిపించింది. కారు మలుపు దాటించి తారు మీదే ఒక పక్కకు నిలిపి 112కు ఫోన్ చేశాం. సిబ్బంది రాకముందే పై ఊరినుంచి ఏడెనిమిది మంది ఆడా మగా పచ్చికొమ్మలతో దిగి వచ్చారు. కొమ్మను ఎత్తి కొట్టడం లేదు, నిప్పు అంచుమీద అదిమి లోపలికి ఈడుస్తున్నారు, ఎత్తి కొడితే రవ్వలు లేస్తాయట. అమ్మ కారులో ఉన్న మంచినీళ్ళ డబ్బా, గ్లాసులు తీసుకుని రోడ్డు అంచున నిలబడింది. ఒకామె చెయ్యంతా మసి, గ్లాసు పట్టుకుంటే గ్లాసు మీద ఐదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. అమ్మ ఆ గ్లాసు ఇంకా కడగలేదు.

మిరియపుతీగ (అనంతగిరి మండలం)
ఏప్రిల్ 14, ఉదయం 6:30

అక్కా, ఈ నెల 5న మాకు పూత వాన, అంటే కాఫీ పూతను విచ్చేలా చేసే వాన, పడింది. నిన్న తోటంతా ఒక్కసారిగా తెల్లగా విచ్చింది, వాసన ఊళ్ళోకి వస్తోంది, తేనెటీగల చప్పుడుకు పొద్దున్నే మెలకువ వచ్చింది. కాలిన చోట కొత్తగా నాటిన మొక్కలకు ఇంకా పూత లేదు. వాటి చుట్టూ ఆకు ఊడ్చి వచ్చి ఇది రాస్తున్నాను. నాన్నగారికి కాఫీ పొడి ఘాట్‌బండి అన్న చేతికి ఇచ్చి పంపాను, అందిందో లేదో రాయండి.